పిలిచి తెచ్చుకున్న పచ్చదనం

గోదావరి డెల్టాలో కాలువ గట్టున పెరిగినవాళ్లకి గుర్రపుడెక్కను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. గుర్రం గిట్టలాంటి గుండ్రటి ఆకు, బుడగలా ఉబ్బిన కాడ, మధ్యలో నెమలికన్ను లాంటి మచ్చతో లేత ఊదారంగు పువ్వు. పిల్లలకి ఆ కాడని కాలి కింద వేసి టప్పుమని పేల్చడం సరదా. పువ్వు బాగుంది కదా అని కోసుకొస్తే సాయంత్రానికల్లా వాడి వేలాడిపోతుంది. ఇంత అమాయకంగా కనిపించే మొక్కే రెండు వంతెనల మధ్య చాప పరిచినట్టు పరుచుకుందంటే ఇక నీళ్లకి దారి ఉండదు. లాకుల దగ్గర వదిలిన నీరు శివారు పొలానికి చేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నారుమడి బీటలు వారుతోందని శివారు రైతు గోల. పైవాళ్లే తోడేసుకుంటున్నారని ఒకరు, లస్కరు పట్టించుకోవట్లేదని ఇంకొకరు. తగాదా అంతా మనుషుల మధ్యే. కారణం మాత్రం నీళ్ల మీద పూలు పూసుకుంటూ హాయిగా ఉంటుంది.

వేసవిలో కాలువలు కట్టేయగానే తూడు తీత పనులు మొదలవుతాయి. కూలీలు బురదలో దిగి గుర్రపుడెక్కను లాగి గట్టు మీద గుట్టలు పోస్తారు. కొన్నిచోట్ల యంత్రాలు దిగుతాయి. నీళ్లు వదిలాక నెలో, రెండు నెలలో గడుస్తాయి. మళ్లీ మామూలే! కాంట్రాక్టరు సరిగ్గా తీయలేదని ఊళ్లో చెప్పుకుంటారు. కొన్నిసార్లు అది నిజం కూడా కావచ్చు. కానీ పని ఎంత నిజాయితీగా జరిగినా ఈ లెక్క మనిషికి అనుకూలంగా తేలదు. ఎందుకో చూద్దాం.

వెచ్చటి వాతావరణం, ఎరువు కలిసిన నీళ్లు దొరికితే గుర్రపుడెక్క ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. రెండు వారాలనే అనుకుందాం. కాలువ మూలన మనిషి చేతికి చిక్కకుండా పది మొక్కలు మిగిలాయి. ఇరవై వారాలు గడిచేసరికి... అంటే ఐదు నెలలు తిరక్కుండానే అవి పదివేలు దాటతాయి. పోనీ ఆ పదీ కూడా మిగల్లేదనుకుందాం. పోయిన ఏడాది పూసిన పూల గింజలు అడుగు బురదలో ఉంటాయి. అవి ఇరవై ఏళ్ల దాకా మొలకెత్తే శక్తితో పడి ఉండగలవు! పైగా మొక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఉండేది నీరే. దట్టంగా పెరిగిన ఒక హెక్టారులో మొక్కల బరువు 200 టన్నులు దాటుతుంది. అంటే ఆ కూలీలు ఎండలో మోసి గట్టెక్కించేది చాలావరకు నీళ్లనే.

పైన పచ్చగా ఉన్నచోట అడుగున ఏమవుతుందో ఎవరికీ కనిపించదు. సూర్యరశ్మి దిగదు. నీళ్లలో పుట్టాల్సిన నాచు పుట్టదు. రాలిన ఆకులు కుళ్లుతుంటే ఉన్న కాస్త ప్రాణవాయువూ అయిపోతుంది. చేపలు ఊపిరాడక తేలతాయి. కదలని నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి. వల విసరడానికి చోటుండదు, నాటుపడవ కదలదు. ఇంత నష్టం చేసే మొక్కని ఈ దేశానికి తెచ్చిందెవరు?

అందం చూసి మోసపోయి...

వరద తేలేదు, పక్షులు తేలేదు. మనుషులే తెచ్చారు, అదీ ముచ్చటపడి తెచ్చారు. గుర్రపుడెక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. 19వ శతాబ్దంలో తోటల మీద మోజున్నవాళ్లు ఆ ఊదాపూల కోసం దాన్ని ఖండాలు దాటించారు. ఆ శతాబ్దం చివరికల్లా బెంగాల్ చేరింది. కొలనులో అలంకారంగా వేసుకున్న మొక్క కొలను దాటింది, కాలువ పట్టింది, నదుల్లోకి దిగింది. కొన్ని దశాబ్దాల్లోనే బెంగాల్‌లో పడవలు నడవని పరిస్థితి వచ్చింది. వరదతో పాటు కొట్టుకొచ్చి వరిచేల మీద పడింది. చివరికి 1936లో దాని కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఎవరి స్థలంలో మొక్క కనిపిస్తే వాళ్లే పీకేయాలని! 1937 ఎన్నికల్లో అక్కడి పార్టీలు గెలిపిస్తే గుర్రపుడెక్క పీడ వదిలిస్తామని వాగ్దానాలు చేశాయంటే జనం ఎంతగా విసిగిపోయారో ఊహించుకోవచ్చు. 

చట్టాలొచ్చాయి, ఎన్నికలు వచ్చాయి, వెళ్లాయి. మొక్క మాత్రం పోలేదు. పీకడం, కొయ్యడం, మందు కొట్టడం... అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: 'దీన్ని చంపడమెలా?' అయితే కీటక శాస్త్రవేత్తలు కొందరు అదే విషయాన్ని తిరగేసి అడిగారు. 'ఇది పుట్టిన చోట ఎందుకు ఇంతలా పెరగదు?' అని. అమెజాన్‌లోనూ వేడి ఉంది, నీళ్లూ ఉన్నాయి. అయినా అక్కడ అది నలుగురితో పాటు నారాయణా అన్నట్టు ఉంటుంది. ఎందుకంటే అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి. తెగుళ్లున్నాయి. సముద్రం దాటేటప్పుడు మొక్క వచ్చింది గానీ, దాన్ని అదుపులో పెట్టే శత్రువులు రాలేదు. 

వినడానికి ఇది చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ ఆ శత్రువుని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో, అందులో చిన్న పొరపాటు ఎంత ఖరీదో తెలియాలంటే గుర్రపుడెక్కకు తోడుదొంగ లాంటి ఇంకో నీటి మొక్క కథ వినాలి.

పేరు తప్పితే ఇరవై ఏళ్లు

దాని పేరు సాల్వీనియా. పువ్వు పూయని ఫెర్ను జాతి మొక్క. ఆకుల మీద సన్నటి నూగు ఉండి నీటిబొట్టు నిలవదు. విత్తనం లేదు. తుంచిన ప్రతి ముక్కా కొత్త మొక్కే. 1939లో కొలంబో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం పాఠాల కోసం తెప్పించిన సాల్వీనియా బయటపడి శ్రీలంక వరిపొలాల్లోకి పాకింది. 1950ల్లో కేరళలో కనిపించింది. కాలువలు, కాయళ్లు, వరిమడులు అన్నీ కప్పేసింది. కేరళవాళ్లు దానికి 'ఆఫ్రికన్ పాయల్' అని పేరు పెట్టారు. పాయల్ అంటే నాచు. నిజానికి అది నాచూ కాదు, ఆఫ్రికాదీ కాదు! 

ఆఫ్రికాలో మాత్రం దానికి పెద్ద అవకాశమే దొరికింది. జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజి నది మీద కరీబా ఆనకట్ట కట్టి 1958లో నీళ్లు నింపడం మొదలెట్టారు. మరుసటి ఏడాదే సాల్వీనియా కనిపించింది. 1962 నాటికి సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర జలాశయం పచ్చబడిపోయింది. శాస్త్రవేత్తలు మొక్కని పరీక్షించి, అది సాల్వీనియా ఆరిక్యులేటా అనే జాతి అని తేల్చారు. ఆ జాతి దక్షిణ అమెరికాలో ఎక్కడెక్కడ ఉందో అక్కడికి వెళ్లి, దాన్ని తినే పురుగుల్ని పట్టుకొచ్చారు. ఒక ముక్కుపురుగు, ఒక మిడత, ఒక రెక్కలపురుగు. వాటిని ఆఫ్రికాలోనూ, శ్రీలంకలోనూ, ఫిజీలోనూ వదిలారు. ఏళ్ల తరబడి చూశారు. అనుకున్నది జరగలేదు. పురుగులతో ఇలాంటి పనులు కావని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు.

తప్పు పురుగులది కాదు, పేరుది. కరీబాలో పనిచేసిన డేవిడ్ మిచెల్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కని నిశితంగా పరిశీలించి, ఇది ఆరిక్యులేటా కాదు, వేరే జాతి అని 1972లో ప్రకటించాడు. దానికి సాల్వీనియా మొలెస్టా అని కొత్త పేరు పెట్టాడు. అంటే అప్పటిదాకా శాస్త్రవేత్తలు వెతికింది పక్కింటి చిరునామా అన్నమాట! పేరు మారగానే ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. మరి ఈ మొలెస్టా సొంత ఊరేది?

ఆ జవాబు 1978లో దొరికింది. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ తరఫున వెండీ ఫోర్నో అనే శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలో గాలించి, ఆగ్నేయ బ్రెజిల్‌లో అసలు మొలెస్టాను పట్టుకుంది. అక్కడ అది బుద్ధిగా, తక్కువగా ఉంది. దాని మొగ్గలు తొలుస్తూ రెండు మిల్లీమీటర్ల నల్లటి ముక్కుపురుగు ఒకటి కనిపించింది. బియ్యం డబ్బాలో మన ఇళ్లలో కనిపించే ముక్కుపురుగుకి దూరపు చుట్టమే అనుకోవచ్చు. చూడ్డానికి పాత ప్రయత్నాల్లో విఫలమైన ముక్కుపురుగులాగే ఉంది. అదే ఇదేమో అనుకున్నారు. అయినా సరే, ఇది సరైన మొక్క మీద దొరికింది కాబట్టి ప్రయత్నించి చూద్దామనుకున్నారు. 

ప్రయోగశాలలో ముందుగా ఎన్నో పంటల మొక్కల్ని దాని ముందు పెట్టి, సాల్వీనియా తప్ప వేరేది తిని బతకదని నిర్ధారించుకున్నారు. 1980 జూన్‌లో ఆస్ట్రేలియాలోని మౌంట్ ఐసా పట్టణం దగ్గర మూన్‌డార్రా సరస్సులో వదిలారు. పధ్నాలుగు నెలలు తిరిగేలోపు 200 హెక్టార్లలో పరుచుకున్న సుమారు 18,000 టన్నుల సాల్వీనియా గోధుమరంగుకి తిరిగి, చివికి, మునిగిపోయింది. పనిచేసింది రెండు మిల్లీమీటర్ల పురుగు! తర్వాత తీరిగ్గా పరీక్షిస్తే ఆ పురుగు కూడా పాతది కాదని, శాస్త్రానికి అసలు తెలియని కొత్త జాతి అని తేలి 1985లో దానికీ కొత్త పేరు పెట్టారు. ఒకే కథలో మొక్క పేరూ తప్పే, పురుగు పేరూ తప్పే. అసలు మొక్కా, అసలు పురుగూ దొరికాకే పరిష్కారం దొరికింది.

సెపిక్ నది ఒడ్డున

ఇది శాస్త్రవేత్తలు మురిసిపోయే కథ మాత్రమే అయితే ఆదివారం పూట చెప్పుకోనక్కర్లేదు. పపువా న్యూగినీలో సెపిక్ అని ఒక పెద్ద నది ఉంది. దాని చుట్టూ సరస్సులు, వాటి ఒడ్డున పల్లెలు. రోడ్లుండవు. బడికైనా, సంతకైనా, ఆస్పత్రికైనా చెక్క పడవే దిక్కు. తిండి కూడా ఆ నీళ్లలోని చేపలూ, ఒడ్డున పెరిగే సాగో చెట్ల పిండీ. 1970ల మొదట్లో కొద్దిపాటి సాల్వీనియా ఆ నీళ్లలో చేరింది. పదేళ్లు గడవక ముందే సరస్సుల్లో సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. తెడ్డు వేస్తే పడవ కదలదు. వల వేస్తే మునగదు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఆస్పత్రికి చేర్చాలంటే దారి లేదు. బతకలేక కొన్ని పల్లెలవాళ్లు ఊళ్లే వదిలేసి వెళ్లిపోయారు.

1980ల ప్రారంభంలో ఆస్ట్రేలియా ముక్కుపురుగుని అక్కడికి తీసుకెళ్లారు. ముందు అది నిలదొక్కుకోలేదు. మళ్లీ పరిశీలన మొదలైంది. ఆ సరస్సుల్లో మొక్కలకి నత్రజని చాలట్లేదని, అలాంటి బలం లేని ఆకు తిన్న పురుగు గుడ్లు సరిగ్గా పెట్టట్లేదని అర్థమైంది. అప్పుడు చేసిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. చంపాలనుకున్న మొక్కలకే కొంత మేర యూరియా వేశారు! ఆకు బలపడింది, పురుగు పెరిగింది. పెరిగిన పురుగుల్ని మొక్కలతో సహా సంచుల్లో పెట్టి పడవల మీద ఊరూరికీ పంచారు. 1985 నాటికి 250 చదరపు కిలోమీటర్లలో మిగిలింది సుమారు రెండు. ఊరు విడిచిన జనం తిరిగొచ్చారు. ఈ కృషికి ఆస్ట్రేలియా బృందానికి ఆ ఏడాది యునెస్కో విజ్ఞాన బహుమతి దక్కింది.

అదే ముక్కుపురుగు 1982లో బెంగళూరు చేరి, అక్కణ్నుంచి కేరళ కాలువల్లోకి వెళ్లింది. 1986లో శ్రీలంక వెళ్లింది. శ్రీలంకలో అయిన ఖర్చునీ, వచ్చిన లాభాన్నీ ఒక ఆర్థికవేత్త తూకం వేస్తే పెట్టిన ప్రతి రూపాయికీ నగదు లెక్కన 53 రూపాయలు తిరిగొచ్చినట్టు తేలింది. ఏటేటా టెండరు పిలవక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు. అలాగని సాల్వీనియా పూర్తిగా పోలేదు. కేరళలో ఇప్పటికీ ఉంది. మొక్క కాస్త పెరిగితే పురుగు పెరుగుతుంది. మొక్క తగ్గితే పురుగూ తగ్గుతుంది. నిర్మూలన అనే మాటని పక్కనపెట్టి, అదుపు అనే మాటతో సరిపెట్టుకోవడం ఈ శాస్త్రం నేర్పిన మొదటి పాఠం.

మరి మన గుర్రపుడెక్క సంగతో?

దానికీ ముక్కుపురుగులున్నాయి. నియోకెటీనా అనే ఆ పురుగుల స్వస్థలం కూడా దక్షిణ అమెరికాయే. 1980ల మొదట్లో బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రెండు రకాల్ని తెప్పించి, పంట మొక్కల జోలికి రావని పరీక్షించి చుట్టుపక్కల చెరువుల్లో వదిలింది. కొన్ని చెరువుల్లో మూడు నాలుగేళ్లలో గుర్రపుడెక్క బాగా తగ్గింది. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1998 ప్రాంతంలో సుమారు 20,000 హెక్టార్ల గుర్రపుడెక్క ఉండేది. 1995 నుంచి అక్కడ ఈ పురుగుల్ని వదిలారు. శతాబ్దం ముగిసేసరికి మొక్క చాలావరకు కూలిపోయింది. 1997-98లో వచ్చిన ఎల్‌నినో వానలు, గాలులు కూడా అందుకు సాయపడ్డాయని కొందరి వాదన. కొన్నేళ్లకు మళ్లీ కొన్ని ప్రాంతాల్లో తలెత్తింది.

అయితే ఆ పురుగుల్ని తెచ్చి మన ఊరి చెరువులో వేసేస్తే సరిపోతుందిగా అనిపించడం సహజం. ఇక్కడే కాస్త ఆగాలి. ఊళ్ల మురుగంతా చెరువులోకి వస్తుంటే, పొలాల్లో వేసిన ఎరువు కాలువలోకి జారుతుంటే గుర్రపుడెక్కకి రోజూ పెళ్లి భోజనమే. పురుగు పది ఆకులు తినేలోపు అది ఇరవై ఆకులు వేస్తుంది. పైగా పురుగు తన కోశాన్ని మొక్క వేళ్ల మధ్య నీళ్లలో కట్టుకుంటుంది. ఏటా నీళ్లు కట్టేసి, మొక్కల్ని మొత్తంగా పీకేసే కాలువలో దానికి నిలవనీడ ఉండదు. పురుగుల్ని వదిలిన చోటే మందు కొడితే మొక్కతో పాటు అవీ పోతాయి. ఏడాది పొడవునా నీరుండే చెరువుకి ఒక పద్ధతి, వేసవిలో ఎండే కాలువకి ఇంకో పద్ధతి, ఊరి మురుగు చేరే కుంటకి ముందు మురుగు ఆపే పద్ధతి... ఇలా నీళ్లని బట్టి వైద్యం మారాలి. అన్నిటికీ ఒకే టెండరు పిలిస్తే వచ్చే ఏడు మళ్లీ అదే టెండరు.

మేలు చేద్దామని...

విదేశీ మొక్కని తగ్గించడానికి విదేశీ పురుగుని తేవడం కొరివితో తల గోక్కోవడం కాదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పురుగు మంచిదా చెడ్డదా అన్నదాంట్లో లేదు. వదిలే ముందు ఎంత చదివారన్నదాంట్లో ఉంది. 

గంబూషియా చేపల్నే తీసుకోండి. దోమల పిల్లల్ని తింటాయని 1928లో ఈ దేశానికి తెచ్చారు. మలేరియాతో జనం పిట్టల్లా రాలిపోయిన రోజులవి. ఉద్దేశంలో వంక పెట్టడానికి లేదు. ఇప్పటికీ వానాకాలం రాగానే చెరువుల్లో, నీటి గుంటల్లో గంబూషియా చేపలు వదులుతున్న ఫొటోలు పేపర్లో కనిపిస్తాయి. కానీ అది దోమ పిల్లలతో కడుపు నింపుకుని ఊరుకునే రకం కాదు. మన చేపల గుడ్లు, పిల్లలు, కప్పల చిరుకప్పలు, తూనీగ పిల్లలు... ఏది దొరికితే అది తింటుంది. తూనీగ పిల్లలు కూడా దోమ పిల్లల్నే తింటాయి! అంటే కూలికొచ్చినవాడు ఇంట్లో వాళ్లనే తరిమేసినట్టు. ముక్కుపురుగుకి ఒక్క మొక్కే ప్రాణం. అది లేకపోతే పస్తుండి చస్తుంది. గంబూషియాకి నోరుపట్టిందల్లా తిండే. తేడా అక్కడుంది.

తిలాపియాని 1952లో పేదవాడి మాంసకృత్తుల కోసమని తెచ్చారు. అది చెరువుల్లో ఆగకుండా నదులన్నిటికీ పాకింది. త్వరగా పెరుగుతుందని దొంగతనంగా దించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ని కేంద్రం 2000లోనే నిషేధించినా చాటుమాటుగా పెంచుతూనే ఉన్నారు. ప్రపంచాన్ని ఎక్కువగా పీడిస్తున్న వంద పరాయి జాతులంటూ శాస్త్రవేత్తలు ఒక జాబితా తయారుచేశారు. అందులో గుర్రపుడెక్క, గంబూషియా, తిలాపియా మూడూ ఉన్నాయి. పశువుల్ని చంపే రిండర్‌పెస్ట్ వైరస్‌ని లోకంలో లేకుండా తుడిచేశాక ఆ జాబితాలో ఒక స్థానం ఖాళీ అయితే, 2013లో ఆ చోటు ఇచ్చింది మన కథలోని సాల్వీనియాకే.

అద్దాల తొట్టిలోంచి...

ఇదంతా ప్రభుత్వాల పని, శాస్త్రవేత్తల గొడవ అని పేజీ తిప్పేయడానికి వీల్లేదు. ఎందుకంటే ఇప్పుడు చెరువుల్లో కొత్తగా చేరుతున్న జాతుల్లో కొన్ని వస్తున్నది ఇళ్లలోంచే. అక్వేరియం అమ్మేవాళ్లు రంగు చేపలతో పాటు ఒక నల్లటి మచ్చల చేపను చేతిలో పెడతారు. 'తొట్టి గోడల మీద పాచి తింటుంది, కడగక్కర్లేదు' అని చెబుతారు. బొటనవేలంత ఉన్న ఆ సక్కర్ చేప రెండు మూడేళ్లలో మూరెడవుతుంది. తొట్టి సరిపోదు. చంపడానికి మనసొప్పదు. పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువుకెళ్లి పుణ్యం చేసినట్టు వదిలేస్తారు. 

ఆ పుణ్యం ఎవరికి చుట్టుకుంటుందో కోస్తా జిల్లాల్లో చేపల చెరువుల రైతుల్ని అడిగితే తెలుస్తుంది. వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటారు, రాకాసి చేప అంటారు. ఒంటి నిండా గట్టి పెంకులు, ముళ్ల రెక్కలు. వల్లో పడితే వల చిరుగుతుంది. గుడ్లు పెట్టడానికి చెరువు గట్లకి బొరియలు తవ్వుతుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. బజారులో కొనేవాడు లేడు. బొచ్చె, రాగండి కోసం వేసిన మేత అది తినేస్తుంది. చేపల్లో ఇలాంటిది స్థిరపడ్డాక, ముక్కుపురుగులాంటి మందు ఏదీ ఇంతవరకు లేదు. 

అందుకే ఇక్కడ శాస్త్రవేత్తల ప్రయత్నమంతా ముందే పసిగట్టడం మీద ఉంది. ప్రతి ప్రాణీ నీళ్లలో తన ఆనవాలు వదులుతుంది. పొలుసో, జిగురో, మలమో. ఓ సీసాడు నీళ్లు వడగట్టి, వాటిలోని డీఎన్ఏని పరీక్షిస్తే ఆ చెరువులో ఏ చేప తిరుగుతోందో వల వేయకుండానే చెప్పొచ్చు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ సక్కర్ చేప కోసమే అలాంటి పరీక్షను తయారుచేసి, తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో దాని జాడలు వెతికారు. పదీ ఇరవై చేపలున్నప్పుడే తెలిస్తే పట్టి తీసేయొచ్చు. పదివేలయ్యాక తెలిస్తే తెలిసీ ఏం లాభం? గుర్రపుడెక్క నేర్పిన రెట్టింపు లెక్కే ఇక్కడా.

ప్రపంచవ్యాప్తంగా పరాయి జాతుల మీద అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి 2023లో ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. మనుషుల వల్ల సొంత చోటు వదిలి కొత్తచోట స్థిరపడ్డ జాతులు 37,000కు పైగా ఉన్నాయట. వాటిలో హాని చేస్తున్నవి మూడున్నర వేల పైచిలుకు. అంటే పదింట తొమ్మిది నోరుమూసుకుని పడుంటున్నాయి. మన మిరపకాయ, టమాటా, బొప్పాయి కూడా ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినవే కదా! పరాయివన్నీ శత్రువులేమీ కాదు. కానీ ఆ పదో జాతి ఏదో ముందుగా ఎవరూ చెప్పలేరు. హాని చేసేవాటి వల్ల 2019లో జరిగిన నష్టాన్ని 42,300 కోట్ల డాలర్లకు పైగానే లెక్కగట్టారు.

అంత పెద్ద అంకెలో మన వాటా తగ్గించుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. తొట్టి చేప పెద్దదైతే కొన్న దుకాణానికే తిరిగిచ్చేయండి, లేదా పెంచుకునే మరొకరికి ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి. తొట్టిలోని నీటిమొక్కల్ని కాలువలో పారేయకుండా ఎండబెట్టి చెత్తలో వేయండి. ఒక చెరువులో వాడిన వలని ఇంకో చెరువులో దించే ముందు ఆరబెట్టండి. పూలు బాగున్నాయని గుర్రపుడెక్కను పెరటి కుండీలోకి తేకండి. ఊళ్లో తూడు తీస్తుంటే తీసిన గుట్టలు మళ్లీ నీళ్లలోకి జారకుండా దూరంగా వేస్తున్నారా, చెరువులోకి వచ్చే మురుగుని ఆపే ఆలోచన ఎవరికైనా ఉందా అని గ్రామసభలో ఒకసారి అడగండి. సెపిక్ సరస్సుల్ని కప్పేసింది కొద్దిపాటి మొక్కలే. వాటిని వదిలినవాళ్లకి కూడా ఎవరికీ చెడు చేయాలన్న ఉద్దేశం ఉండి ఉండదు.